వంత పాడిన గొంతులు

కుంఠా నాకా దగ్గర మా కాలనీ ఇళ్లు ఎర్రజెండా యూనియన్ కొట్లాడి తెచ్చినవే. వాటి కాగితాలు ఇంకా యూనియన్ ఆఫీసులోనే ఉన్నాయి. యూనియన్ వాట్సాప్ గ్రూపులో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చూసే పని, డిగ్రీ చదివానని నాకు అప్పగించారు.

నిన్న బీడీలు చుట్టే ఆడవాళ్ల పాట వచ్చింది. "జెండా మోసింది మేము, కుర్చీ ఎక్కింది మీరు" అని చంద్రభాగత్త పాడితే నలుగురు వంత పాడారు. నాకు నచ్చి ఉంచేశాను.

ఈ రోజు లీడర్ గంగారాం కాక ఇంటికే వచ్చాడు.

"పాట తీసేసినవా, మాస్తరీణ్ బాయీ?" చదువుకున్నదాన్నని నన్ను అట్లా పంతులమ్మా అనే పిలుస్తాడు.

"ఇప్పుడే తీసేసిన కాకా. గని, అండ్ల తప్పేముంది?"

"మన గ్రూపుల మనల్నే తిడ్తరా? చంద్రభాగ ఇల్లు క్యాన్సల్. వంత పాడినోళ్ల పేర్లు చెప్పు, వాళ్లయి గూడ."

"గొంతులు గుర్తువడ్తలేవు కాకా."

"అయితే మల్ల ఇను."

ఆయన తన ఫోన్‌లో దాచుకున్న పాట పెట్టాడు. చంద్రభాగత్త మొదటి చరణం ముగించింది. లోపలి గదిలో బీడీలు చుడుతున్న అమ్మ, చేతులు ఆపకుండానే, రోజూ అలవాటైనట్టు వంత అందుకుంది.

కాక ఫోన్ ఆపేశాడు. లోపల అమ్మ పాడుతూనే ఉంది.