నూట ఇరవయ్యో పేరు

మా చెల్లెలు మారెన్ పేరు జాబితాలో నూట ముప్పై ఒకటో వరుసలో ఉంది. మర్నాడు మేం పిలవాల్సింది నూట ఇరవై మందిని.

క్లాసులు మొదలవడానికి ముందు వారం అది, ఆగస్టు ఎండలు. కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఆ వారమంతా ఒక్కో సొరారిటీ ఇంటికీ, అంటే అమ్మాయిల సంఘాలు కలిసి ఉండే ఇళ్లకి, వస్తారు. మేం గుమ్మంలో పాటలు పాడి లోపలికి తీసుకెళ్తాం, నిమ్మరసం ఇచ్చి ఇరవై నిమిషాలు కబుర్లు చెబుతాం. వాళ్లు గేటు దాటగానే ఐదుకి ఇన్నని మార్కులు వేస్తాం. తక్కువ వచ్చినవాళ్లని మళ్లీ పిలవం. నా మూడో ఏడాదిలో ఆ మార్కుల పట్టీ చూసే పని నాకు అప్పజెప్పారు. మా అమ్మ కూడా చదువుకునే రోజుల్లో ఆ ఇంట్లోనే ఉండేది. మారెన్ ఇంకెక్కడికో పోతుందని మావాళ్లెవరూ కలలో కూడా అనుకోలేదు.

మారెన్‌కి నత్తి. ఇంట్లో మాట్లాడితే తెలియనే తెలియదు. కొత్తవాళ్ల ముందు, గోలలో, తన పేరు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. పెదాలు బిగుసుకుపోతాయి, కళ్లు నేలమీదకి వాలిపోతాయి.

ఆ మధ్యాహ్నం దాని పేరు చర్చకి రాగానే మా ప్రెసిడెంటు టామ్సిన్ నావైపు చూసింది. "హాడ్లీ, రూల్ తెలుసుగా. కాసేపు బయట కూర్చో."

మెట్లమీద కూర్చున్నాను. లోపల ఎవరో నవ్వారు. మా చెల్లి గురించో, ఇంకెవరి గురించో తెలియలేదు. తలుపు తెరిచాక ఒక్కరూ నా మొహం చూడలేదు.

"మార్కులు అలాగే ఉంచాం," అంది టామ్సిన్, మెల్లగానే. "మంచి పిల్లే. కానీ రేపు ఇంకా జనం ఉంటారు. తనకే ఇబ్బంది కదా."

నేను తలూపాను. ఏమని వాదించను? అంతకు ముందురోజు నోరు విప్పని ఒక అమ్మాయికి నేనే రెండు మార్కులు వేసి, 'మాట కలపలేకపోయింది' అని రాశాను.

జాబితా నాలుగింటికల్లా కాలేజీకి పంపాలి. అందరూ పైకి వెళ్లి పడుకున్నారు. భోజనాల గదిలో ల్యాప్‌టాప్ ముందు నేనొక్కదాన్నే. అమ్మ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. 'చెల్లి ఫోనెత్తడం లేదు. నీకు కనబడిందా? బాగానే ఉందా?' ఆ వారమంతా చెల్లితో నేను మాట్లాడకూడదు, అదీ రూలే.

రెండు పాయింట్ నాలుగు చెరిపి మూడు పాయింట్ ఆరు కొట్టాను.

పేర్లన్నీ వాటంతటవే జరిగాయి. మారెన్ పైకెక్కింది. నూట ఇరవయ్యో పేరు, పిలిచేవాళ్లని వేరుచేసే ఎర్ర గీత కిందికి జారింది. జోసీ ప్రూయెట్. ఫొటోలో ఎండకి కళ్లు చికిలించుకుని ఉంది. 'బ్యాండులో ట్రంపెట్ వాయిస్తుంది, భలే నవ్విస్తుంది' అని మావాళ్లెవరో రాశారు. నేను ఆ అమ్మాయిని చూడనేలేదు. మూడూ నలభైకి జాబితా పంపేశాను. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుటి పట్టీ కాగితం మీద టామ్సిన్ దగ్గర ఉందని.

ఆ సాయంత్రం టామ్సిన్ ఎవరితో మాట్లాడినా నా గురించే అనిపించింది.

మర్నాడు మారెన్ వరుసలో లోపలికొచ్చింది. టామ్సిన్ దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. మళ్లీ పాట అందుకుంది. అరిచినా బాగుండేది.

మారెన్ ఎదుట కూర్చున్న మా ఇంటమ్మాయి చాలా మర్యాదస్తురాలు. మా చెల్లి నోట్లో మాట ఆగినప్పుడల్లా తనే అందించేస్తోంది. "మ్యూజిక్కా? మెడిసినా? ఆగు ఆగు, నేను చెప్తా." పొడుపు కథ విప్పుతున్నట్టు. నేను నిమ్మరసం జగ్గు పట్టుకుని గోడవారన నిలబడి, చెప్పవే, చెప్పేయవే అని లోపల్లోపల బతిమాలుతున్నాను. మారెన్ ఒక్కసారి నావైపు చూసి మొహం తిప్పుకుంది.

వాళ్లు వెళ్లాక టామ్సిన్ నన్ను సామాన్ల గదిలోకి లాక్కెళ్లింది.

"మీ చెల్లెలు ఎలా వచ్చింది?"

"నేనే మార్చాను."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"అయితే చెప్పకు. బయటపడితే ఇల్లంతటికీ చుట్టుకుంటుంది. రేపటితో అయిపోతుంది."

"మరి జోసీ ప్రూయెట్?"

"ఆమె ఎవరు?" అంది టామ్సిన్. నిజంగానే తెలియక అడిగింది.

ముందురోజు రాత్రి తమకి కావలసిన ఇల్లు రాసిచ్చిన అమ్మాయిలంతా ఆఖరి రోజు మైదానంలో కవర్లు చింపి, తమ పేరొచ్చిన ఇంటివైపు కేకలు పెడుతూ పరుగెత్తుతారు. మా వాకిట్లో అరుపులు, కౌగిలింతలు. వచ్చిన ప్రతి మొహం చూశాను. మారెన్ రాలేదు. రోడ్డుకి అవతల చిన్న ఇటుకల ఇంటి ముందు పది పదిహేనుమంది అమ్మాయిల మధ్య నిలబడి ఉంది.

సాయంత్రం ఫోన్ చేశాను. "మమ్మల్ని కాదని అక్కడికెందుకే?"

"నిన్న నన్నెలా చూశావో తెలుసా అక్కా? చేతిలో గాజుగిన్నె పెట్టుకుని నడుస్తున్నదాన్ని చూసినట్టు."

"నీకోసం భయపడ్డానే."

"తెలుసు. నాకంటే ముందు నువ్వే భయపడిపోతావు. ఆ ఇంట్లో ఒకమ్మాయి నా పేరు నేను చెప్పేదాకా ఊరుకుంది. ఎంతసేపు పట్టిందో ఏమో. అలా కూర్చుందంతే."

అప్పుడు మార్కుల సంగతి చెప్పాను.

"ఎవర్ని తీసేశావు?"

పేరు చెప్పాను.

"జోసీనా? మా గుంపులోనే ఉండేది. తనని పిలిచినవాటిలో మీ ఇల్లు లేదని తెలియగానే అన్నీ మానేసి వెళ్లిపోయింది. నువ్వెళ్లి చెప్పు. నేను రాను, నువ్వే వెళ్లు."

మర్నాడు బ్యాండు వాళ్లు పార్కింగ్ స్థలంలో సాధన చేస్తున్నారు. విరామంలో జోసీ నీళ్లు తాగుతోంది. నేనెవరో చెప్పుకుని, జరిగిందంతా చెప్పాను. ఆమె సీసా మూత బిగించింది, మళ్లీ తీసింది.

"అంటే మీరు నన్ను వద్దనలేదా?"

"లేదు."

"మూడ్రోజులు మా అమ్మకి ఫోన్ చెయ్యలేదు నేను. ఏం తప్పు వాగానా అని మాటామాటా తలుచుకుంటూ పడుకున్నా." గొంతు పెంచలేదు. "మీవాళ్లందరి ముందూ చెప్తావా ఇది?"

"చెప్తాను. కానీ నిన్ను పిలుస్తారో లేదో తెలీదు."

"పిలిచినా రాను. చెప్పు ముందు."

డ్రమ్ము మోగింది. ట్రంపెట్ తీసుకుని వరుసలోకి వెళ్లిపోయింది.

ఆదివారం సమావేశంలో లేచి చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పట్టీ పని నా దగ్గర్నుంచి తీసేసి, క్రిస్మస్ సెలవులకల్లా గది ఖాళీ చెయ్యమన్నారు. అమ్మ అక్టోబరు దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. జోసీకి ఇంటి తరఫున క్షమాపణ రాయాలా వద్దా అని టామ్సిన్ ఓటు పెట్టింది. చేతులు లెక్కపెట్టారు. వద్దనే తేలింది.

నా పేరుమీద నేనొక్కదాన్నే రాసి, ఆమె హాస్టల్లో ఇచ్చి వచ్చాను. జవాబు రాలేదు. ఎదురుచూడలేదని మాత్రం చెప్పలేను.