వాలు వేదిక

"అది ఇంజనీరింగ్ విషయం నాన్నా. చెప్పినా నీకు అర్థం కాదు" అంది కూతురు, చేయి కడుక్కుంటూ.

తండ్రి కంచంలోకి చూస్తూ అన్నం కలుపుకున్నాడు. ఇలాంటి మాట ఎన్ని ఇళ్లలో ఎంత మామూలుగా వినిపిస్తుందో పాఠకులకు చెప్పనక్కరలేదు. అందులో తిట్టు లేదు, కోపం లేదు. అందుకే ఎవరూ దాన్ని తప్పనుకోరు.

ఆయన నగరంలోని పాత నాటకశాలలో ఇరవై ఎనిమిదేళ్లుగా స్టేజీ వడ్రంగి. కూతురు పురపాలక భవనాల విభాగంలో కొత్తగా చేరిన ఇంజనీరు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పది రోజుల కిందట ఆమె ఆ వేదిక మీద రసమట్టం పెట్టి చూసింది. వెనక అంచు కంటే ముందు అంచు అడుగు కిందికి ఉంది. "ముందువైపు పునాది కుంగింది, ప్రమాదకరం" అని నివేదిక రాసింది. మర్నాడే నాటకశాలకు తాళం పడింది. సోమవారం నాడు వేదిక కూలగొట్టి కాంక్రీటు పోయాలని ఉత్తర్వు కూడా వచ్చేసింది. నాటకశాల కప్పు కారుతోందని పెట్టిన అర్జీ మాత్రం నాలుగేళ్లుగా కదల్లేదు.

"కుంగలేదమ్మా, కట్టడమే అలా కట్టారు" అని తండ్రి రెండుసార్లు మొదలుపెట్టాడు. రెండుసార్లూ ఆమె మధ్యలోనే తుంచేసింది.

"ఒకే బిల్డింగు గురించి ఇద్దరూ నిద్ర మానుకున్నారు. మీరు మాట్లాడుకోడానికి కూడా టెండరు పిలవాలా?" అంది తల్లి.

ఇక లాభం లేదని ఆయన అభ్యంతరం పెట్టడానికి కూతురి ఆఫీసుకే వెళ్లాడు. మొదటి రోజు ఫారాలు అయిపోయాయన్నారు. రెండో రోజు ఫారం దొరికింది గానీ తీసుకునే మనిషి లేడు. మూడో రోజు గుమాస్తా దొరికాడు.

"అర్హత దగ్గర ఏం రాయమంటారు?"

"ఇరవై ఎనిమిదేళ్ల నుంచి ఆ స్టేజీ రిపేర్లన్నీ నేనే చేస్తున్నానండీ."

"అది అనుభవం బాబాయ్. ఫారంలో ఆ గడి లేదు."

"మరి నేను ఏ గడిలో పడతాను?"

గుమాస్తా నవ్వాపుకున్నాడు. "ఇతరములు అని ఒకటుంది. ప్రస్తుతానికి అందులో సర్దుకోండి."

అయినా అతను తన కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టాడు. ఆయన చెబుతుంటే దరఖాస్తు తనే రాసిపెట్టాడు. ఆ ఆఫీసులో ఆ రోజు జరిగిన మంచిపని బహుశా అదొక్కటే. తను ఎవరి తండ్రో ఆయన చెప్పలేదు.

ఎవరి పని మీద అభ్యంతరం వస్తే వారి అభిప్రాయం కోసమే కాగితం పంపడం అక్కడి ఆనవాయితీ. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అనకూడదు గానీ, దాదాపు అంతే. మధ్యాహ్నానికల్లా అది కూతురి బల్ల మీదికి వచ్చి చేరింది. కింద తండ్రి సంతకం.

"ఇంజనీరమ్మది తప్పని నేననను. పైనుంచి కొలిస్తే ఎవరికైనా అలాగే కనిపిస్తుంది. దయచేసి ఒక్కసారి వేదిక కిందికి దిగి చూడండి."

ఆమె రెండుసార్లు చదివింది. పక్కవాళ్లకు ముఖం కనిపించకుండా ఫైలు అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రమే తండ్రీకూతుళ్లు వేదిక కిందికి దిగారు. ఆమె అడుగున ఉన్న రాతి నేల మీద రసమట్టం పెట్టింది. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. నేల వెంట్రుకవాసి కూడా కుంగలేదు. టేపు తీసి కొయ్య గుంజలు కొలిచింది. ముందు వరసవి నాలుగడుగులు. తర్వాతి వరసవి రెండంగుళాలు ఎక్కువ. ఆ తర్వాతవి ఇంకో రెండు. అలా ఏడో వరసకు సరిగ్గా ఐదడుగులు. ప్రతి గుంజ తలనూ ఏటవాలుగా కోసి దూలానికి అతికించారు. అతుకుల్లో గోరు కూడా దూరదు.

"ఎందుకిలా?"

"ఎదురుగా కుర్చీలన్నీ ఒకే మట్టంలో ఉన్నాయి కదమ్మా. స్టేజీ కూడా సమంగా ఉంటే వెనక నిలబడ్డ నటుడి తల తప్ప ఏం కనిపిస్తుంది? చూసేవాళ్ల కోసం వాలు పెట్టారు."

"ఇంట్లో గట్టిగా చెప్పొచ్చు కదా నాన్నా."

"గట్టిగా చెబితే నీ ముఖం చిన్నబోతుందని."

మర్నాడు పెద్ద ఇంజనీరు ఆమె కాగితాన్ని పక్కకు తోశాడు. "నివేదిక వెనక్కి తీసుకుంటానంటే ఎలా? దాని మీద నా సంతకం కూడా ఉంది. నీ ఉద్యోగం ఖాయం చేసే ఫైలు ఈ టేబుల్ మీదే ఉంది, గుర్తుందా?"

"గుర్తుంది సార్."

"పోనీ, కుంగుదల స్వల్పం అని రాయి. కూల్చడం ఏడాది వాయిదా వేద్దాం. ఎవరి పరువూ పోదు."

"అసలు కుంగుదలే లేదు సార్. నేను కిందికి దిగకుండా రాశాను. ఆ మాటే రాసి సంతకం చేశాను."

ఆయన చాలాసేపు విసుక్కున్నాడు. చివరికి సోమవారం పని ఆపమని రాశాడు. ఆమె ఉద్యోగం ఖాయం కావడాన్ని ఆరు నెలలు వెనక్కి నెట్టాడు.

"ఇంతకీ ఈ గుంజల సంగతి నీకెవరు చెప్పారు?"

"ఆ స్టేజీ వడ్రంగి. మా నాన్న."

"ఇంట్లో మనిషిని పెట్టుకుని ఇంత గొడవ చేశావా?"

"చేశాను సార్. చదువుకున్నదాన్ని, ఆయన్ని అడిగేదేముందనుకున్నాను. ఇకనుంచి ఏ పాత కట్టడానికి వెళ్లినా, ముందు దాన్ని కాపాడుతూ వచ్చిన పనివాణ్ణి పిలిచి అడుగుదాం. ఎవరినీ అడగొద్దని మనకు చదువు చెప్పలేదు."