చచ్చినవాళ్ళ వరుస

"ఇంకోసారి పెట్టు తాతా. గట్టిగా నొక్కు."

నీలిమామ నాలుగోసారి వేలు పెట్టాడు. మిషను ఎర్ర దీపం వెలిగించి కుయ్‌మంది. గుమాస్తా కాగితం మీద అడ్డంగా గీత గీసి, "రుజువు కాలేదు. తర్వాతి వాళ్ళు రండి" అన్నాడు.

"రుజువు కాకపోవడమేంట్రా అబ్బాయ్? నీ ఎదురుగా నిలబడి ఊపిరి పీలుస్తున్నాను కదా!"

"నాకు కనిపిస్తే సరిపోదు తాతా. మిషనుకి కనిపించాలి."

అద్దకం మిల్లులో ముప్పైనాలుగేళ్ళు రంగు తొట్టిలో చేతులు ముంచిన మనిషి నీలిమామ. గోళ్ళ అంచుల్లో ఆ నీలం ఇంకా వదల్లేదు, అందుకే ఆ పేరు. పింఛను ఆఫీసులో అది నెలాఖరు రోజు. సాయంత్రం ఐదింటిలోగా ఎవరి వేలిముద్రను మిషను ఒప్పుకోదో వాళ్ళు సర్కారు దృష్టిలో చచ్చినట్టే, పింఛను ఆగినట్టే. పొద్దుటినుంచి అద్దకం సెక్షన్ వాళ్ళు పదిహేడు మంది అలా చచ్చి, గోడవారన బెంచీల మీద కూర్చున్నారు. పద్దెనిమిదో వాడుగా నీలిమామ వాళ్ళ దగ్గరికి నడవబోయాడు.

వరుసలో అతని వెనకే ఉన్న ఇటుకమ్మ అతని బొటనవేలు చూసింది. చివర నెత్తురు చెమర్చి ఉంది.

"వేలికేమైంది మామా?"

"ఏమవుతుంది? ఆఫీసు పని కదా అని పొద్దున్నే ఇటుక ముక్కతో తోముకొచ్చాను. మురికి చేత్తో వస్తే నువ్వు లోపలికి రానిచ్చేదానివా?" అని నవ్వాడు ముసలాయన.

ఇటుకమ్మ ఆ వేలి నెత్తురు కొంగుతో అద్దింది. ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. మడతల సెక్షన్ గుమ్మం దగ్గర నిలబడి, తెల్లబట్ట ముట్టుకోబోయే ప్రతివాడి చేతులూ తిప్పి చూడడం ఆమె ఉద్యోగం. రంగు మరక కనిపిస్తే, "పో, ఇటుకతో రుద్దుకురా" అని కుళాయి దగ్గరికి తరిమేది. రంగు తొట్టిలో కాస్టిక్ సోడా తినేయగా మిగిలిన చర్మాన్ని ఇటుక తినేసింది. యజమాని బట్ట మీద మరక పడలేదు. యజమాని ఆమెను మెచ్చుకున్నాడు కూడా.

ఆమె బెంచీల వైపు తిరిగింది. "ఏదీ, అందరూ చేతులు చూపించండి."

అలవాటు చెడ్డది. పద్దెనిమిది మందీ ముప్పైఆరు చేతులు చాచారు. అన్నీ తళతళా తోమి ఉన్నాయి. కడిగితే గీతలు కనిపిస్తాయనుకున్నారు పిచ్చివాళ్ళు. కడిగినకొద్దీ ఉన్న గీతలే పోయాయి.

"రావమ్మా, టైమవుతోంది" అన్నాడు గుమాస్తా.

ఆమె వేళ్ళకు ఏ లోపమూ లేదు. తెల్లబట్ట మడతల మీద తప్ప రంగులో ఏనాడూ మునగని వేళ్ళు అవి. పెడితే పచ్చదీపం వెలుగుతుంది. ఇంట్లో పక్షవాతంతో మంచాన పడ్డ చెల్లెలుంది. ఆ పింఛనే ఇద్దరికీ ముద్ద, ఆ పింఛనే చెల్లెలికి మందు. ఇదంతా ఇటుకమ్మకు తెలుసు. అయినా చెయ్యి చీర కొంగులోకి లాక్కుంది.

"పెట్టను."

"ఏంటి?"

"వాళ్ళు బతికున్నారని ముందు రాయి. ఆ తర్వాత నా వేలు పెడతా. వాళ్ళు చచ్చినవాళ్ళయితే నేనూ చచ్చినదాన్నే."

వెనకనుంచి టైమ్‌కీపరు పరుగులాంటి నడకతో వచ్చాడు. మిల్లు గేటు దగ్గర ఎవరు ఎప్పుడొచ్చారో, ఎప్పుడెళ్ళారో రాస్తూ తల నెరిసిన మనిషి. పొద్దున్నే తన పని కానిచ్చుకుని, రసీదు జేబులో భద్రంగా పెట్టుకుని, మిగతావాళ్ళకు సలహాలిస్తున్నాడు.

"అక్కా, నీకు మతి పోయిందా? ముందు నీది కానిచ్చుకో. పోట్లాట రేపు పెట్టుకుందాం. అందరం అర్జీ రాద్దాం."

"పోయిన నెలా అర్జీ రాశాం. ఏమైంది?"

టైమ్‌కీపరు జేబులోని రసీదు తడుముకున్నాడు.

"మా గీతలు మేం పోగొట్టుకున్నాంలే ఇటుకమ్మా" అన్నాడు నీలిమామ బెంచీ మీదనుంచి. "మా కోసం నీ నోటికాడి కూడు పోగొట్టుకోకు."

"మీరు పోగొట్టుకున్నారా? మీ వేళ్ళని మిల్లు తినేసింది. దగ్గరుండి వడ్డించింది నేను!" అందామె. "నన్ను తిట్టండయ్యా. అంతేగానీ తప్పు మీదంటే మాత్రం ఊరుకోను."

 మిషను వేలు కోసం టిక్కుటిక్కుమంటోంది.

వరుసలో ప్యాకింగ్ సెక్షన్ ముసలమ్మ ఒకతె ముందుగా చేతులు కట్టుకుంది. "నేనూ పెట్టను." ఆమె వెనక బాయిలరు మేస్త్రీ. అతని వెనక ఇంకొకరు. ఒకడు మాత్రం, "నాకు మనవరాలి ఫీజుంది, మీ రాజకీయాలు నాకొద్దు" అంటూ ముందుకు తోసుకొచ్చాడు. కౌంటరు దాకా వచ్చి, బెంచీ మీద తనతో పాతికేళ్ళు ఒకే షిఫ్టు చేసిన వాడి మొహం చూసి, తిట్టుకుంటూ వెనక్కెళ్ళి తన చోట్లో నిలబడ్డాడు. చివరికి టైమ్‌కీపరు జేబులోంచి రసీదు తీసి, దాన్ని ఒకసారి ఆశగా చూసుకుని, కౌంటరు మీద పెట్టాడు.

"నన్ను కూడా చంపెయ్ బాబూ."

ఆఫీసరు గదిలోంచి వచ్చాడు. "ఏంటీ గొడవ? ఐదు దాటితే మీ అందరికీ ఆగిపోతుంది. అప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే."

"మా చేతులు ఎప్పుడో కాలాయి సార్" అంది ఇటుకమ్మ. "అది చూపించడానికే వచ్చాం."

"రూలు నేను పెట్టలేదమ్మా. మిషను ఏం చెబితే అది."

"మిషను ముందు ముప్పై ఏళ్ళు నిలబడినవాళ్ళం. దాన్ని ఎవరో ఒకడు నడుపుతాడనీ, ఎవడో ఒకడి కోసం నడుస్తుందనీ మాకు తెలీదనుకుంటున్నారా?"

ఆఫీసరు ఫోను తీశాడు.

ఈలోగా వార్త రోడ్డు దాటింది. ఎదురుగానే మిల్లు. నాలుగింటికి షిఫ్టు దిగిన కాంట్రాక్టు ఆడపిల్లలు ఇరవై మందిదాకా అలాగే పనిబట్టల్లో వచ్చేశారు. వాళ్ళకు పింఛను లేదు, మిల్లు పుస్తకంలో పేరే లేదు. ముందున్న పిల్ల చేతులు మోచేతుల దాకా అద్దకం రంగుతో ఎర్రగా ఉన్నాయి.

"పెద్దమ్మా, ఏం జరిగింది?"

ఇటుకమ్మ నీలిమామ చెయ్యి పట్టుకుని ఆ పిల్ల చేతిలో పెట్టింది. పిల్ల ఆ నున్నటి వేళ్ళు తడిమి, తన వేళ్ళు చూసుకుంది. మొహం పాలిపోయింది.

నాలుగున్నరకు పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై లాఠీ బల్లమీద కొట్టి, "ప్రభుత్వ పనికి అడ్డుపడుతున్నారు. వేలు పెడతారా, వ్యాను ఎక్కుతారా?" అన్నాడు.

తాటాకు చప్పుళ్ళకు బెదిరే కుందేళ్ళు కారు వాళ్ళు. బెంచీల మీదివాళ్ళు కర్రలు ఆనించుకుని లేచారు. 

"ఎక్కుతాం" అంది ఇటుకమ్మ.

గుమ్మం దగ్గర కానిస్టేబుల్ పుస్తకం తెరిచి పేర్లు రాయడం మొదలుపెట్టాడు. టైమ్‌కీపరు మెడ సాచి ఆ పేజీ వైపు చూశాడు. బతుకంతా అలాంటి పేజీలే నింపిన మనిషి. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆగండి! అద్దకం వాళ్ళు ముందు రండి. మామా, నువ్వు మొదట. బాబూ, పేరు, తండ్రి పేరు, వయసు రాయి. టైము కూడా రాయి, నాలుగూ ముప్పైయెనిమిది. ఫలానా మనిషిని ఈ ఆఫీసులో పట్టుకున్నాం అని రాసి, కింద మీ ఎస్సైగారి చేత సంతకం పెట్టించు."

అందరికీ ఒక్కసారిగా వెలిగింది. చచ్చినవాణ్ణి ఎవరూ అరెస్టు చేయరు! పద్దెనిమిది మందీ కర్రలు పట్టుకుని, ఒకరినొకరు తోసుకుంటూ గుమ్మం మీద పడ్డారు. "నా పేరు రాయి!" "నాది రాయవయ్యా ముందు!"

ఆఫీసరు అరిచాడు. "రాయొద్దు! పేర్లు రాయొద్దు! ఊరికే బయటికి తోసేయండి!"

అప్పటికి పదకొండు పేర్లు పడ్డాయి, పేరు పడనివాళ్ళు కూడా వాళ్ళ వెంటే వ్యాను ఎక్కేశారు. ఎస్సై ఆఫీసరు వైపు, పుస్తకం వైపు చూశాడు. "రాసింది కొట్టేయడం నా వల్ల కాదు. నా ఉద్యోగం పోతుంది."

"పేరు రాయనివాళ్ళని దించేయండి!" అన్నాడు ఆఫీసరు.

"దిగం" అన్నాడు నీలిమామ వ్యానులోంచి. "మిగతా ఏడుగురి పేర్లూ పడేదాకా ఒక్కరం దిగం."

ఎస్సై విసుగ్గా సైగ చేశాడు, కానిస్టేబుల్ మళ్ళీ పెన్ను ఎత్తాడు.

ఇటుకమ్మ వ్యాను మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది. చెల్లెలు గుర్తొచ్చింది. సాయంత్రం మందు వేళ. ఎంత ధైర్యం చేసినా ఆ ఒక్కచోట గుండె జారింది. ఎర్రచేతుల పిల్ల అది గమనించింది.

"ఇంట్లో ఎవరున్నారు పెద్దమ్మా?"

"చెల్లెలు. లేవలేదు. పక్కకి తిప్పి, మాత్ర పొడి చేసి పట్టాలి."

"తాళంచెవి ఇవ్వు. మా నాన్నకి మూడేళ్ళు చేశాను, నాకు తెలుసు. నువ్వొచ్చేదాకా మా బ్యాచిలో రోజుకొకరం ఉంటాం."

ఇటుకమ్మ కొంగుముడి విప్పి తాళంచెవి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది, వ్యాను ఎక్కింది.

కిటికీ ఊచల్లోంచి హాలు కనిపిస్తోంది. ముసలివాళ్ళు ఖాళీ చేసిన వరుసలో మిల్లు ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి నిలబడుతున్నారు.

"మీరెవరు? మీకేం పని ఇక్కడ?" ఆఫీసరు గొంతు చిరిగింది.

"మా వంతు రావడానికి ఇంకా ముప్పై ఏళ్ళుంది సార్" అంది ముందున్న పిల్ల. "ఇప్పట్నుంచే నిలబడుతున్నాం."

వ్యాను కదిలింది. వరుస కదల్లేదు.