కుండీలో వేసిన గింజలు

టమాటా ఆకులు ముడుచుకుంటున్నాయని మొదట చూసింది నేనే. నీళ్ళు చాలక వాలడం కాదది. లేత చిగుళ్ళు పిడికిలి బిగించినట్టు లోపలికి చుట్టుకున్నాయి, కాండాలు మెలికలు తిరిగాయి. రెండు రోజులు అత్తకు చెప్పలేదు. చెప్పకపోతే వాటంతటవే విచ్చుకుంటాయేమో అనుకున్నాను.

అత్త మా నాన్నకు అక్క. పొలం ఆమెదే. అందులో రసాయన ఎరువూ పురుగు మందూ పడక మూడేళ్ళు కావస్తోంది. మూడేళ్ళు నిండాక అధికారి వచ్చి చూసి, సేంద్రియ పొలమని కాగితం ఇస్తారు. అత్త మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. "ఆ కాగితం చేతికొచ్చిన రోజు నేను మంచమెక్కుతాను, ఆ తర్వాత నీ తిప్పలు నువ్వు పడు" అనేది. తనిఖీ ఇంకో పన్నెండు రోజుల్లో ఉంది.

ఈసారి మా కుప్ప ఎరువు సగం చేనుకే సరిపోయింది. మిగతా సగానికి పక్క పొలం పాలాయన దగ్గర పశువుల ఎరువు తెచ్చుకున్నాం. అత్త గుప్పెడు తీసి పిసికి, వాసన చూసింది.

"బాగానే మాగింది. అయినా కుండీలో వేసి నాలుగు గింజలు పెట్టి చూడు. పరాయి ఎరువు మొహం చూసి మోసపోకూడదు."

నేను మొక్కజొన్న గింజలు పెట్టాను. చిక్కుడు గింజలు కూడా డబ్బాలో ఉన్నాయి, కానీ విత్తనానికని ఏరి దాచినవి, పాడు చేయబుద్ధి కాలేదు. వారానికల్లా మొక్కజొన్న నిటారుగా లేచింది.

"కుండీ ఏమంటోంది?" అంది అత్త గదిలోంచి.

"నవ్వుతోంది అత్తా."

"అయితే చల్లెయ్."

ఆకులు ముడుచుకున్న మూడో రోజు అత్త తానే చేలోకి వచ్చింది. ఒక చిగురు తుంచి, అటూ ఇటూ తిప్పి, నేరుగా పాలాయన ఇంటికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

"పశువులకు ఏం వేశావు తమ్ముడూ?"

"గడ్డే అక్కా. ఇంకేం వేస్తాను, విందు భోజనమా?"

"ఎక్కడిది?"

"కొన్నాను. ఒక్క కలుపు మొక్క లేదు, దువ్వినట్టుంది."

"ఎందుకు లేదో అడిగావా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "పశువులకేం కాలేదక్కా" అన్నాడు.

"వాటికేం కాదు. ఆ గడ్డికి కొట్టిన కలుపు మందు వాటి పేడలోంచి నా చేలోకొచ్చింది."

తిరిగి వస్తూ దారిలో అడిగింది. "కుండీలో ఏ గింజలు పెట్టావు?"

"మొక్కజొన్న."

నాలుగడుగులు వేశాక అంది. "అదీ గడ్డి జాతే పిల్లా. ఆ మందు గడ్డి జోలికి పోదు. టమాటాలు, చిక్కుళ్ళు, అలాంటివాటినే పట్టుకుంటుంది. ఒకప్పుడు నేనూ కొట్టినదాన్నే, నాకు తెలుసు. ఏ గింజ పెట్టాలో నీకు చెప్పలేదు."

తిట్టి ఉంటే బాగుండేది.

తనిఖీకి వచ్చినామె దాదాపు నా వయసుదే. ముడుచుకున్న సాళ్ళ ముందు ఆగింది. "ఆకుముడత తెగులు. ఈ ఏడు అందరికీ ఇదే గోలమ్మా" అంటూ రాయబోయింది. నేను అత్త చేయి గట్టిగా పట్టుకున్నాను. అత్త మెల్లగా విడిపించుకుంది.

"తెగులు కాదమ్మా. బయట తెచ్చిన ఎరువులో కలుపు మందు ఉంది. మా తప్పే."

ఆమె కలం ఆపి అత్త మొహంలోకి చూసింది. "ఇలా రాస్తే మళ్ళీ మొదటి నుంచి మూడేళ్ళు. తెలుసు కదా?"

"రాయమ్మా."

ఆమె వెళ్ళాక టమాటా మొక్కలు పీకడం మొదలుపెట్టాను. అత్త గట్టు మీద కూర్చుని చూస్తోంది. చేతినిండా మొక్కలతో ఎరువు కుప్ప వైపు నడిచాను.

"అందులో వేయకు. అదీ పాడవుతుంది."

"పాలాయన ఆవులకు వేద్దామా?"

"మళ్ళీ పేడలోకేగా."

"మరి ఎక్కడ పారేయను అత్తా?"

అత్త మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చేను వైపే చూస్తోంది. మొక్కల బరువుకు నా చేతులు నొప్పెట్టేదాకా అలాగే నిలబడ్డాను. తర్వాత, ఆ మందు ఎలాగూ ఉన్న మట్టే కదా అని వెనక్కి వెళ్ళి, పీకిన గుంటల పక్కనే, ఏ సాలు మొక్కలు ఆ సాల్లోనే పడుకోబెట్టాను.