నాలుగు రుచుల సీడీ

నేను ఒక సీడీని. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారల నడుమ సలోమి ముఖం అచ్చువేసి నన్ను లోకం మీదికి వదిలారు. విశాఖపట్నం జ్ఞానాపురంలో పుట్టిన ఆ అమ్మాయి రెగ్గే పాడుతుంది. జమైకా దీవిలో పుట్టిన ఆ సంగీతానికి తొందర తెలియదు. దెబ్బ పడుతుందనుకున్న చోట ఊరుకుంటుంది, ఊరుకుంటుందనుకున్న చోట పడుతుంది. ఆ నడకను మోసేది బేస్ గిటారు. సలోమికి దాన్ని వాయించేవాడు సింహాద్రి, కాలేజీనాటి నేస్తం.

ఇద్దరూ పాటలు కట్టుకున్నంతకాలం బాగానే ఉంది. తర్వాత రమాకాంత్ అనే నిర్మాత తగిలాడు. గదిలో కూడా నల్లకళ్ళజోడు తీయడు. రెగ్గే అంటే జుట్టు జడలు కట్టించుకోవడమని అతని జ్ఞానం.

"ఉత్త రెగ్గే ఎవరు వింటారమ్మా? కాస్త పాప్ వేద్దాం. కుర్రాళ్ళకి హిప్ హాప్, ఏడ్చేవాళ్ళకి సోల్" అన్నాడు, వంటవాడికి మసాలా పురమాయించినట్టు.

కలపడం తప్పు కాదు. ఎరిగినవాడు కలిపితే అమృతమే. ఇతగాడు భయంతో కలిపాడు. అన్నీ ఇరికించడానికి చోటు చాలక బేస్‌ను నొక్కేశాడు.

"పాట నడుం ఇరిచీసినారు" అన్నాడు సింహాద్రి.

సలోమి అతని వైపు చూడలేదు. "ఈ ఒక్కసారికి సర్దుకో."

అతను గిటారు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు అతని స్థానంలో ఒక యంత్రం వాయించింది. నేనూ యంత్రాల బంధువునే, అయినా సిగ్గేసింది.

ఆవిష్కరణ సభలో ఒక నటుడు నన్ను తలకిందులుగా పట్టుకుని తన గురించి మాట్లాడాడు. రేడియో వ్యాఖ్యాత నా మీది కాగితమైనా చించకుండా "నాలుగు సంగీతాల సంగమం" అని మెచ్చుకుని, బావమరిదికిచ్చాడు. అతను ఇంకొకరికిచ్చాడు. చివరికి ఆటో గౌరీసు నాకు దారం కట్టి సీటు వెనక వేలాడదీశాడు. వినడానికి పనికిరాని నేను తళుక్కుమనడానికి పనికొచ్చాను. ఎండకు నా ముఖం వెలిసిపోయింది.

ఒక మధ్యాహ్నం సలోమి ఆ ఆటో ఎక్కింది. హార్బరుకు పొమ్మంది. దారిలో నన్ను పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏటమ్మా అలగ సూస్తన్నారు? పాటల సీడీయే. ఎవులు పాడినారో మరి" అన్నాడు గౌరీసు.

"నేనే పాడాను."

అతను కంగారుపడ్డాడు. "అయితే బాగుంటాది తల్లీ."

"బాగుండదన్నా" అంది సలోమి.

నా మీద వెలువడిన మొదటి నిజాయితీ గల సమీక్ష అది.

హార్బరులో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ముందు దిగింది. సింహాద్రి చేతులు గుడ్డతో తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"నీ మాట వినాల్సింది. మళ్ళీ మొదలెడదాం, వస్తావా?"

అతను గుడ్డ భుజాన వేసుకున్నాడు. "ముందు పాడు. ఇంటాను."

ఆమె అక్కడే నిలబడి పాడింది. తొందర లేదు, ఎవరికీ భయపడలేదు. కాసేపటికి సింహాద్రి ఖాళీ డీజిల్ డబ్బా దగ్గరికి లాక్కుని, అరచేత్తో బరువుగా దరువు వేయసాగాడు. చేపలబుట్టతో ఒకావిడ వచ్చి ఆటో ఎక్కబోయింది.

"ఉండమ్మా, పాట అవనీ" అన్నాడు గౌరీసు.

ఆవిడ బుట్ట దించింది. దారానికి వేలాడుతూ నేనూ విన్నాను. మనుషులంటే నాకున్న చులకన ఆ పాట అయ్యేదాకా జ్ఞాపకం రాలేదు.