కడిగి పారబోసిన ఇసక

బంగారం పనివాళ్ళ దగ్గర దుమ్ముకున్న మర్యాద మనుషులకు ఉండదు. సాయంత్రం దుకాణం మూసేముందు అందరూ ఒళ్ళో గుడ్డలు పెద్ద పళ్ళెంలో దులిపి, ఒకే తొట్టిలో చేతులు కడుక్కుని మరీ ఇంటికి వెళ్ళాలి. ఆ దుమ్మూ, ఆ తొట్టి అడుగున పేరుకున్న బురదా నా వంతు.

ముందు అయస్కాంతం తిప్పుతాను. ఇనుప రజనంతా దానికి అంటుకుపోతుంది. తర్వాత నీళ్ళు పోసి పళ్ళెం గుండ్రంగా ఆడిస్తే బూడిదా బొగ్గూ తేలిపోతాయి, ఇసక అంచు మీంచి జారుతుంది, బంగారం మాత్రం కదలక అడుగున కూర్చుంటుంది. విలువైనదేదైనా బరువుగానే ఉంటుందని పదిహేనేళ్ళుగా నా నమ్మకం. జారిన ఇసకను పెరట్లో గుట్ట పోస్తాను.

ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. దుకాణంలో ఉన్నది ఒక్కరే, రాళ్ళు పొదిగే బాబాయ్. పిలుపుకే బాబాయ్, చుట్టరికమేమీ లేదు. "ఏమ్మా దుమ్ము మహారాణీ, ఇవాళ ఎన్ని రాజ్యాలు కడిగావు?" అని రోజూ అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్న కోసమే పొద్దున్నే శ్రద్ధగా తల దువ్వుకునేదాన్ని.

రెండు నెలల కిందట ఆయన బల్ల మీది కెంపు ఒకటి కనిపించకుండా పోయింది. కందిగింజంత ఉంటుంది. యజమాని నన్ను పిలిచాడు.

"దుమ్ములో పడిందేమో చూశావా?"

"లేదండీ. అంతా కడిగాను. నా పళ్ళెంలోంచి ఏదీ తప్పించుకోదు."

ఎంత పొగరుగా చెప్పానో! మాట పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. దుమ్ములో లేదంటే ఇక మిగిలింది ఆయన జేబే. యజమాని అరవలేదు, రేపటి నుంచి గుమ్మం తొక్కద్దన్నాడు. బాబాయ్ పనిముట్లు గుడ్డలో చుట్టుకుని, నా పక్కనుంచి వెళుతూ, "అంతా కడిగానన్నావుగా, సరేలేమ్మా" అన్నాడు. నేను తలెత్తలేదు. నిజం చెప్పాలంటే, ఆయనే తీశాడేమోనని సగం నమ్మాను కూడా.

ఆ తర్వాత నాకు రోజంతా నీళ్ళ చప్పుడే. ఒకరోజు పళ్ళెం ముందు కూర్చుని, "ఏమ్మా దుమ్ము మహారాణీ" అని నన్ను నేనే పలకరించుకున్నాను. ఎంత ఒంటరిదాన్నయ్యానో అప్పుడు తెలిసి, దుఃఖం ఆగలేదు.

నిన్న కొత్తగా చేరిన పొదుగుపనావిడ చేతిలోంచి ఎర్రరాయి ఒకటి నా పళ్ళెంలో పడింది. తీసివ్వబోయి, ఆగి, ఊరికే పళ్ళెం తిప్పి చూశాను. రాయి బంగారంతో పాటు అడుగున కూర్చోలేదు. కాస్త ఆలస్యంగానైనా ఇసక వెంటే అంచుదాకా వచ్చి జారిపోయింది.

రాయి ఆవిడకిచ్చేసి పెరట్లోకి పరుగెత్తాను. గుట్టంతా జల్లెడ పట్టి, సన్న ఇసక దింపేసి, మిగిలిన గరుకును తెల్లగుడ్డ మీద పరచి వేలితో ఏరాను. మధ్యాహ్నం దాటాక కెంపు దొరికింది.

యజమాని చేతిలో పెట్టి, తప్పు నాదేనన్నాను. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "వెళ్ళి పిలుచుకురా" అన్నాడు.

బాబాయ్ అద్దెకుండే గదికి తాళం వేసి ఉంది. ఇంటావిడ బయటికొచ్చింది.

"ఖాళీ చేసి వారమైందమ్మా. ఎక్కడికో చెప్పలేదు. దుమ్ము కడిగే అమ్మాయివి నువ్వేనా?"

"అవునండీ."

"నీ కోసం చాలా ఎదురుచూశాడు. నీ ఇల్లెక్కడో ఆయనకి తెలీదట. వస్తే చెప్పమన్నాడు, కెంపు బంగారమంత బరువుండదట, నీ ఇసకగుట్టలోనే ఉంటుందట."

"తెలిస్తే ఆరోజే యజమానికి చెప్పచ్చుగా?"

"నేనూ అదే అడిగాను. అందరి ముందూ చెప్తే నీ పని పోతుందన్నాడు. నువ్వే వెతికి మెల్లగా ఇస్తే ఇద్దరి పనీ నిలుస్తుందని ఆశపడ్డాడు. రోజూ సాయంత్రం ఇదిగో, ఈ మెట్టు మీదే కూర్చునేవాడు."

మా దుకాణానికీ ఆ మెట్టుకీ మధ్య రెండే వీధులు. ఎలా ఉన్నావు బాబాయ్ అని అడగడానికైనా ఈ రెండు నెలల్లో ఒక్కసారి కూడా నేను ఇటు రాలేదు.