గట్టిగా కొట్టు అన్నయ్యా

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్లకు ఏడేళ్ల వయసులో బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. రెండేళ్లు ఆసుపత్రి చుట్టూ తిరిగాక తగ్గింది. జబ్బు వదిలిపోయినా వాళ్లమ్మకు భయం మాత్రం వదల్లేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందని, ఎండలో తిరిగితే సొమ్మసిల్లుతుందని కూతుర్ని కాలు కింద పెట్టనీయకుండా పెంచింది. బడిలో ఆటల పీరియడ్ వస్తే పిల్లలంతా చెప్పులు విడిచి పరిగెత్తేవాళ్లు, పిచ్చుక ఆ చెప్పులకు కాపలా కూర్చునేది. ఆట ముగిసి, ముఖాలు ఎర్రబడి, కుళాయి దగ్గర ఒకరినొకరు తోసుకుంటూ నీళ్లు తాగే పిల్లల్నే చూస్తూ ఉండేది. ఆమెకూ అలసట తెలుసు. కానీ అది మంచంమీది అలసట. వాళ్లది వేరు.

ఇప్పుడామె కళ్లజోళ్ల షాపులో పనిచేస్తోంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేస్తుంది.

ఆ ఏడాది గుండె పరీక్షలన్నీ చేయించాక డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి సూటిగా చెప్పింది.

"చిన్నప్పుడు నిన్ను బతికించిన మందులే నీ గుండెను కాస్త బలహీనపరిచాయి. అందుకే నువ్వు ఒళ్లు కదిలించాలి. ముందు నడక, ఆ తర్వాత ఏదైనా ఆట. ఛాతీలో నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపెయ్. బరువులు మాత్రం నన్నడక్కుండా ఎత్తకు."

"ఏమన్నా అయితేనో?" అంది అమ్మ.

"ఇలా కూర్చోబెడితేనే అవుతుందమ్మా."

మర్నాటి నుంచి పిచ్చుక నడక మొదలుపెట్టింది. వెనకాలే గొడుగు, నీళ్ల సీసా పట్టుకుని అమ్మ. నాలుగు నెలలు తిరిగేసరికి వీధిలో వాళ్లకు తల్లి ఆయాసమే ఎక్కువగా వినిపించసాగింది. ఒకరోజు ఆవిడే అరుగు మీద కూలబడి, "నువ్వు పోవే, నేనిక్కడే ఉంటా" అంది.

అప్పుడు అడిగింది పిచ్చుక, తన అన్నయ్యను. కొరియర్ వ్యాన్ నడిపే అతను సాయంత్రాలు ఇళ్ల వెనక ఖాళీ స్థలంలో షటిల్ ఆడతాడు. అతని దెబ్బకు ఎదురు నిలిచేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

"నాతో ఆడతావా?"

అతను ఒక క్షణం తటపటాయించి బ్యాట్ చేతికిచ్చాడు. ఆట మొదలైంది. కాక్ ఎగిరి వచ్చి సరిగ్గా ఆమె బ్యాట్ మీదే వాలేది. కొట్టినా కొట్టకపోయినా "భలే" అనేవాడు. వారం రోజులు ఓపిక పట్టింది. ఆ తర్వాత బ్యాట్ దించేసింది.

"ఏంటన్నయ్యా ఇది? పూలు విసురుతున్నావా? గట్టిగా కొట్టు."

"నావల్ల కాదు."

"ఎందుకని?"

అతను నెట్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "లిఫ్ట్ చెడిపోయిన రోజు నిన్నెత్తుకుని ఆసుపత్రి మెట్లెక్కింది నేనే. నా స్కూలు బ్యాగంత బరువు కూడా లేవు. నిన్ను చూస్తే నాకదే గుర్తొస్తుంది. గట్టిగా ఎలా కొట్టమంటావు?"

పిచ్చుక కిందపడ్డ కాక్ తీసి అతని చేతికిచ్చింది.

"నాకూ ఒకటి గుర్తుంది. కిటికీలోంచి నిన్ను చూస్తూ పెరిగాను. పక్కింటి వాళ్లందరూ నీ చేతిలో ఓడిపోయి, నీతో పోట్లాడేవాళ్లు. నాకూ నీ చేతిలో ఓడిపోవాలని ఉండేది. ఎన్నేళ్లుగానో ఉంది."

అన్నయ్య వెనక్కి వెళ్లాడు. ఈసారి కాక్ ఆమె చెవి పక్కనుంచి రివ్వున దూసుకుపోయింది. రెండోది కాళ్ల దగ్గర పడింది. మూడోదాని వెంట ఆమె పరిగెత్తింది. బ్యాట్ అంచుకు తగిలి కాక్ అవతల పడింది. ఆ తర్వాత ఎన్ని వదిలేసిందో, ఎన్నింటి వెంట పడిందో ఆమెకే తెలియదు. గుండె దడదడలాడింది. ఇంటి వెనక అరుగు మీద కూర్చుని చూస్తున్న అమ్మ లేచి నిలబడింది. పిచ్చుక చెయ్యెత్తి ఆట ఆపి, తనంతట తనే నేలమీద కూర్చుంది.

అమ్మ వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. "ఆయాసం తగ్గుతోందా?"

"తగ్గుతోంది. ఉండమ్మా, అప్పుడే పూర్తిగా తగ్గిపోకూడదు. ఇది మంచంమీది అలసట కాదు," అని నవ్వింది.

తర్వాతి పరీక్షలో గుండె ఇదివరకటి కంటే మెరుగుపడలేదు. అయితే దిగజారనూ లేదు. ఆడుకోవచ్చు, పోటీల జోలికి మాత్రం పోవద్దంది డాక్టరమ్మ. అందుకని అన్నయ్య సాయంత్రాలు సరదాగా ఆడే డబుల్స్‌లో ఆమెను జోడీగా తీసుకున్నాడు. వెనక భాగమంతా అతనిది, నెట్ దగ్గరిది ఆమెది. ఒక సాయంత్రం కళ్లముందే వచ్చిన కాక్‌ను ఆమె వదిలేసింది.

"రోజంతా కళ్లజోళ్లు బిగిస్తావు, అంత కాక్ కనపడలేదా?" అని అందరిముందూ విసుక్కున్నాడు.

అవతలి జట్టువాళ్లు ఇబ్బందిగా చూశారు. పిచ్చుక మాత్రం పొంగిపోయింది. ఇంట్లో ఆమెను ఎవరైనా తిట్టి ఎన్నేళ్లయిందో.

ఆట ముగిశాక పక్కనే గీసిన ఇంకో కోర్టులో ఇద్దరు ఆడపిల్లలు సింగిల్స్ మొదలుపెట్టారు. ఈ చివరి నుంచి ఆ చివరికి అడ్డూఆపూ లేకుండా ఉరుకుతున్నారు. చీకటి పడుతోంది, ఇంటికి వెళ్దాం రమ్మని అన్నయ్య పిలిచాడు. వస్తున్నానంటూనే, ఆమె ఇంకాసేపు ఆ కాళ్లనే చూస్తూ నిలబడిపోయింది.